మూడో రౌండులో మనసు ఆగిపోతోంది, ఏం చెయ్యాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: కాశీనగర్ గ్రౌండ్‌లో 1,600 మీటర్లు, అంటే 400 మీటర్ల రౌండ్లు నాలుగు, 5 నిమిషాల 35 సెకన్లలో కొడుతున్నావు. ఆర్మీ భర్తీ ర్యాలీకి వెళ్లేసరికి మూడో రౌండులో ‘ఇక నా వల్ల కాదు’ అనిపించి నడిచేశావు. మనసు గట్టిపడాలంటే ఏం చెయ్యాలి అని. నాదీ మన ఒడిశాలోనే, పర్లాకిమిడి. నేనూ ఆ మూడో రౌండులోనే ఒకసారి పోగొట్టుకున్నాను, ఇంకోసారి దాటాను.

నా మొదటి ర్యాలీ 2016లో. రాత్రి రెండింటి నుంచి లైనులో కూర్చున్నాం. తెల్లారేసరికి ఒళ్లంతా బిగుసుకుపోయింది. విజిల్ ఊదగానే గుంపు ఒక్కసారి కదిలింది, నేనూ దాంతోపాటే కొట్టుకుపోయాను. కంచె బయట నిలబడి మా బావ ఫోన్లో టైము పట్టాడు. మొదటి రౌండు 70 సెకన్లు, రెండోది 85, మూడోది 101, నాలుగోది 96. మొత్తం 5 నిమిషాల 52. అప్పటి ఆఖరి గడువు 5 నిమిషాల 45. చివరి మలుపు తిరిగి కాస్త ముందుకు వచ్చానో లేదో, ఎదురుగా తాడు అడ్డం పట్టేశారు. నైలాను తాడు, మధ్యలో ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది. ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

నెలరోజులు నాకు ధైర్యం లేదనే అనుకుంటూ తిరిగాను. ఒకరోజు ఆ నాలుగు అంకెలూ కాగితం మీద వేసుకుని చూశాను. 5 నిమిషాల 30 సెకన్లలో ముగించాలంటే రౌండుకు ఎనభై రెండున్నర సెకన్లు చాలు. నేను మొదటిది పన్నెండున్నర సెకన్లు ముందే కొట్టేశాను. అక్కడ చేసిన అప్పు మూడో రౌండులో వడ్డీతో కట్టాను. అది సరే. కానీ నాలుగోది చూడు, మూడోదానికంటే 5 సెకన్లు తక్కువ! కాళ్లలో నిజంగా ఏమీ మిగలకపోతే ఆ 96 ఎలా వచ్చింది?

నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా నమ్మకం. ‘నా వల్ల కాదు’ అన్నది కాళ్లు చెబుతున్న మాట అనుకుంటాం. ఎంత దూరం వచ్చాం, ఇంకా ఎంత ఉంది అని చూసుకుని మెదడు ముందుగానే వేసే అంచనా అది. ఒంటికి ముప్పు రాకముందే మెదడు కళ్లెం బిగిస్తుందని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త టిమ్ నోక్స్ చాలాకాలంగా చెబుతున్నాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ, నా నాలుగు అంకెలకు మాత్రం అది సరిగ్గా సరిపోయింది. మొదటి రెండు రౌండ్లలో సత్తువ ఉంటుంది, నాలుగోదానికి ముగింపు కనిపిస్తుంది. మూడోదానికి ఈ రెండూ లేవు.

కాబట్టి మూడో రౌండునే విడిగా ప్రాక్టీసు చెయ్యి. నేను మహేంద్రతనయ నది ఒడ్డున 400 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టుకున్నాను. వారానికి రెండు రోజులు, రెండు రౌండ్లు 84 సెకన్ల చొప్పున పరిగెత్తి, ఒక నిమిషం ఆగి, మూడోది కూడా 84లోనే. తర్వాతి వారాల్లో ఆగే నిమిషాన్ని 45 సెకన్లకు, 30కి, 15కి తగ్గించుకుంటూ పోయి చివరికి తీసేశాను. ఏడో వారానికి మూడో రౌండంటే భయం పోయింది. కష్టం పోలేదు, అది పోదు కూడా.

ఇంకోటి. మన ఇళ్లల్లో తెలుగు, బడిలో ఒడియా, ర్యాలీలో హిందీ. చేతులెత్తేసే క్షణంలో మాత్రం మనసు అమ్మభాషలోనే మాట్లాడుతుంది. దానికి జవాబూ ఆ భాషలోనే సిద్ధంగా ఉండాలి. గోడమీది ఇంగ్లీషు పోస్టర్లు నాకు ఎప్పుడూ పనిచెయ్యలేదు. నేను పెట్టుకున్న మాట ‘మోచెయ్యి వెనక్కి’. అంతే. వెంటనే చెయ్యగలిగే పని అది, ఆయాసం మీంచి ధ్యాస మళ్లుతుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, రెండు వారాలు ఇలా తమతో తాము మాట్లాడుకోవడం నేర్చుకున్నవాళ్లు అలసిపోయేదాకా సైకిల్ తొక్కిన సమయం 18 శాతం పెరిగింది. మాట ప్రాక్టీసులోనే అలవాటు కావాలి, ర్యాలీ రోజు కొత్తగా వెతుక్కుంటే దొరకదు.

ముందురోజు రాత్రి ఫోను పక్కన పెట్టెయ్. 2009లో శాస్త్రవేత్త సామ్యూలె మార్కోరా బృందం కొందరిచేత గంటన్నర బుర్రకు పనిపెట్టి, ఆ తర్వాత సైకిల్ తొక్కించింది. ఊరికే డాక్యుమెంటరీ చూసిన రోజుకంటే వాళ్లు ముందే ఆపేశారు. గుండె వేగంలో తేడా లేదు, కష్టం మాత్రం ఎక్కువ అనిపించింది. లైనులో రాత్రంతా కటాఫ్‌ల గురించి పుకార్లు తిరుగుతుంటాయి కదా, రెండోసారి నేను తువ్వాలు మొహంమీద కప్పుకుని పడుకున్నాను. ఆ పొద్దున నా రౌండ్లు 81, 84, 88, 85. మొత్తం 5 నిమిషాల 38. తర్వాత మెడికల్‌లో చూపు దగ్గర ఆగిపోయాను, అది వేరే బాధ.

నడిచేసిన సిగ్గు గురించి కూడా రాశావు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి, భువనేశ్వర్‌లో సాధన చేసింది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో ముగించింది. ఒడిశాకు చెందిన అనురాధా బిశ్వాల్ 2002లో పెట్టిన 13.38 రికార్డును దాటింది. కానీ వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, ఒప్పుకునేది 2.0 వరకే. లెక్కలోకి రాలేదు. మే 10న సైప్రస్‌లో మళ్లీ పరిగెత్తి, 13.23తో రికార్డు తన పేర రాయించుకుంది. నీ 5:35 కూడా ఎక్కడికీ పోలేదు తమ్ముడూ.

అన్నీ మనసు మీదికి తోసెయ్యకు. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే ఆగిపో, డాక్టర్‌కు చూపించుకో. ఎన్నాళ్లయినా నీరసం తగ్గకపోతే రక్తం పరీక్ష చేయించుకో. గడువులు, మార్కులు మధ్యలో మారాయి, కొత్త నోటిఫికేషన్ చదువుకో.

నేనిప్పుడు బడిలో లెక్కలు చెబుతున్నాను. ఆదివారాలు ఉదయం అయిదింటికి కొందరు పిల్లలకు టైము పడుతుంటాను. కాశీనగర్ నుంచి పర్లాకిమిడి ఎంత దూరం, ఒకసారి రా. నాలుగు రౌండ్లూ విడివిడిగా రాసి కాగితం నీ చేతికిస్తాను.