ఆ ఏడాదిన్నర సంగతి రాయి

తమ్ముడికి,

గ్రహాంతర జీవుల జాడ దొరికినా శాస్త్రవేత్తలు బయటపెట్టరన్న అనుమానం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "జనం ఏది చెప్పినా నమ్మేస్తారు" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. అనుమానపడే వాళ్ల దగ్గర కారణం ఉంది. 1947లో అమెరికాలో రోస్‌వెల్ దగ్గర పడింది మామూలు వాతావరణ బెలూన్ అని సైన్యం చెప్పింది. సోవియట్ అణు పరీక్షల్ని పసిగట్టడానికి రహస్యంగా ఎగరేసిన 'మొగల్' ప్రాజెక్టు బెలూన్ల తాలూకు శకలాలవి అని వైమానిక దళం చెప్పింది 1994లో. దాచింది గ్రహాంతరవాసుల్ని కాదు, కానీ దాచిన మాట నిజం. ఇది ముందే ఒప్పుకో. ఆ తర్వాత సైన్యం వేరు, రేడియో టెలిస్కోపుతో ఆకాశం వినే ఖగోళ శాస్త్రజ్ఞులు వేరు అని చెబితే పాఠకుడు వింటాడు.

దాచారా లేదా అన్న వాదనలోకి దిగకు. ఒక్క సిగ్నల్‌ను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూపించు. నన్నడిగితే నువ్వు రాసినవాటిలో బీఎల్‌సీ-1 తీసుకోమంటాను, గ్రహాంతర సిగ్నళ్ల కోసం వెతికే 'బ్రేక్‌త్రూ లిజన్' ప్రాజెక్టు వాళ్లకు దొరికింది. 2019 ఏప్రిల్ 29న ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు, 64 మీటర్ల డిష్, సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీని చూస్తుండగా 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది నమోదైంది. ఒక విద్యార్థి కంట పడింది 2020లో. ఆ డిసెంబరులో పత్రికకు పొక్కింది. పరిశోధన పత్రాలు 2021 అక్టోబరులో వచ్చాయి. ఈ తేదీలు వరసగా పేర్చి వదిలేస్తే ఎవరికైనా దాచినట్టే ఉంటుంది. నువ్వు చేసిన పొరపాటు అదే. మొదటి ఏడాదిన్నర అలాంటి సిగ్నల్ ఒకటి ఆ డేటాలో ఉందనే ఎవరికీ తెలియదు. ఆ పరిశీలన పెట్టుకున్నదే నక్షత్రం మీద ఎగసే జ్వాలల కోసం. తర్వాత సిగ్నళ్ల కోసం జల్లెడ పడితే పైకి తేలినవి నలభై లక్షలకు పైగా. అందులో ఇది ఒకటి.

ఆ పరీక్ష ఎలా చేస్తారో ఓపిగ్గా రాయి, వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. డిష్‌ను అరగంట నక్షత్రం వైపు ఉంచుతారు, కాసేపు పక్కకు తిప్పుతారు, మళ్లీ నక్షత్రం వైపు తెస్తారు. పక్కకు తిప్పినా వినబడుతుంటే అది మన భూమ్మీది రొదే. ఇది మాత్రం తిప్పినప్పుడల్లా మాయమైంది. ఫ్రీక్వెన్సీ కూడా మెల్లగా జరుగుతూ వచ్చింది, మనకూ దాన్ని పంపే చోటుకూ మధ్య కదలిక ఉంటే అలా జరుగుతుంది. ఆశ పుట్టింది అందుకే. తర్వాత అదే డేటాలో ఇలాంటి సిగ్నళ్లే వేరే ఫ్రీక్వెన్సీల దగ్గర పదుల సంఖ్యలో దొరికాయి. కొన్ని పక్కకు తిప్పినప్పుడూ ఉన్నాయి. వాటి మధ్య ఎడం, మామూలు ఎలక్ట్రానిక్ పరికరాల్లో లయ తప్పకుండా కంపిస్తూ ఉండే గడియారపు స్ఫటికాల లెక్కకు సరిపోయింది. రెండు ఫ్రీక్వెన్సీలు ఒకదాంతో ఒకటి కలిసి మూడోదాన్ని పుట్టించాయి. అది వచ్చిపోయే లయ, డిష్ తిరిగే లయతో కాకతాళీయంగా కలిసింది. ఆ పరికరం ఏదన్నది తేలలేదు. ఆ ముక్క వదలకుండా రాయి. వదిలేస్తే నువ్వూ దాచినట్టే.

"అయితే ముందే చెప్పొచ్చుగా" అంటారు. 1989లో అంతర్జాతీయ వ్యోమయాన శాస్త్ర అకాడమీ రాసుకున్న నియమాలు, ముందు నిర్ధారించుకోండి, ఆ తర్వాత బహిరంగంగా చెప్పండి అంటాయి. అవి చట్టం కాదు, ఎవర్నీ కట్టిపడేయలేవు. అసలు విషయం ఇంకొకటి ఉంది, నీ వ్యాసంలో అది లేదు. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రం అస్తమిస్తుంది. సిగ్నల్‌ను వదలకుండా వినాలంటే ఇంకో ఖండంలోని టెలిస్కోపు వాళ్లకు ఫోన్ చెయ్యాల్సిందే. రూఢి చేసుకోవాలంటే పదిమందికి చెప్పక తప్పదు. 1997 జూన్‌లో ఇలాంటి ఒక సిగ్నల్‌ను ఇంకా పరీక్షిస్తుండగానే న్యూయార్క్ టైమ్స్ విలేఖరి ఫోన్ చేశాడు. అది సోహో అనే సూర్య పరిశీలన ఉపగ్రహానిదని తర్వాత తేలింది.

'సందేశం' అన్నచోటల్లా 'సిగ్నల్' అని మార్చు. సందేశం అంటే పంపినవాడు ఉన్నాడని ముందే ఒప్పుకున్నట్టు. 1977 నాటి 'వావ్' సిగ్నల్ పేరా తీసెయ్. 72 సెకన్లు వినబడి మళ్లీ రాలేదు, దాన్ని వివరించబోతే ఈ వ్యాసం చాలదు. ఆ చోటులో డిష్ అటూ ఇటూ తిరిగిన గంటల బొమ్మ గీయించు. నక్షత్రం వైపు ఉన్నప్పుడు గీత, పక్కకు తిరిగినప్పుడు ఖాళీ. మూడో పేరా తిరగరాసి ముందు అదొక్కటే పంపు.