మాక్రో చేత చార్ట్ గీయించకు

అమ్మలూ,

నీ మెయిల్, దాంతో పంపిన కోడ్ రెండూ చూశాను. నెల నెలా అవే సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన డేటా ఫైళ్లు) ఎక్సెల్‌లో తెరిచి, అవే చార్టులు గీసి, పవర్‌పాయింట్‌లో అతికించే పనికి మాక్రో, అంటే ఆ పనులన్నీ తనే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్, రాయాలనుకోవడం మంచిదే. కానీ నీ కోడ్‌లో ముప్పావు వంతు రంగులు, ఫాంట్లు, లెజెండ్ ఎటుండాలి, గీత మందం ఎంత అన్న గొడవే ఉంది. అదంతా తీసెయ్. చార్ట్‌ని ఒకసారి చేత్తోనే తీరిగ్గా, నీకు నచ్చినట్టు చేసి పెట్టుకో. అందులో అంకెలు మార్చడం వరకే మాక్రో పని. రేపు ఎవరైనా నీలం బదులు ఆకుపచ్చ కావాలంటే మౌస్‌తో మార్చేస్తావు, కోడ్ జోలికే వెళ్లక్కర్లేదు.

దానికి ముందు కంట్రోల్, టీ నొక్కి డేటాని టేబుల్‌గా మార్చి, చార్ట్‌ని ఆ టేబుల్‌కి తగిలించు. వరుసలు పెరిగితే చార్ట్ కూడా దానంతటదే పెరుగుతుంది. తగ్గినప్పుడే చిక్కు. పోయిన నెల 40 వరుసలుండి ఈ నెల 35 వస్తే, పాతవి 5 కిందే ఉండిపోయి చార్ట్‌లో కలిసిపోతాయి. అందుకని కొత్తవి పోసే ముందు పాత వరుసలన్నీ తీసేయాలి.

ఇక అసలు సంగతి, ఫైల్ లోపలికి వచ్చే చోటు. తప్పులు ఎక్కువగా దూరేది అక్కడే, చప్పుడు లేకుండా. ఫైల్‌లో 03/04/2024 అని ఉందనుకో. పంపినవాళ్ల లెక్కలో అది ఏప్రిల్ 3. నీ కంప్యూటర్‌లో కూడా రోజు ముందు, నెల తర్వాత అనే సెట్టింగ్ ఉంటే, డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు సరిగ్గానే కనిపిస్తుంది. అదే ఫైల్‌ని మాక్రోలో వర్క్‌బుక్స్ ఓపెన్ అనే ఆదేశంతో తెరిస్తే, ఏమీ చెప్పకపోతే అమెరికా పద్ధతిలో చదివి మార్చి 4 చేసేస్తుంది. 25/04/2024 దగ్గరకొచ్చేసరికి 25వ నెల లేదు కాబట్టి దాన్ని ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తప్పుడు తేదీలు, కొన్ని అసలు తేదీలే కానివి. ఎర్రర్ రాదు, చార్ట్ మాత్రం వస్తుంది! ఓపెన్ చేసేటప్పుడు లోకల్ అనే ఆప్షన్‌కి ట్రూ ఇస్తే నీ కంప్యూటర్ సెట్టింగ్ ప్రకారం చదువుతుంది. నన్నడిగితే అది కూడా సగం పరిష్కారమే. ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ అనే డేటా తెచ్చే సాధనంతో తెచ్చుకుని, ఏ కాలమ్ తేదీ, ఏది అంకె, ఏది టెక్స్ట్ అన్నది నువ్వే చెప్పడం మేలు. కోడ్ నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోవడం, 15 అంకెలు దాటిన నంబర్ల చివర సున్నాలు చేరడం కూడా అప్పుడే ఆగుతాయి.

ఎక్సెల్ ఊహల సంగతి నీకు తెలియనిది కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంటే వేగలేక, చివరికి శాస్త్రవేత్తలు జన్యువుల పేర్లే మార్చుకున్నారు. 2020లో వచ్చిన నామకరణ నియమాల్లో ఆ మాట ఉంది కూడా.

డేటా వచ్చాక మాక్రో వెంటనే చార్ట్‌కి వెళ్లకూడదు. హెడ్డింగులు నువ్వు అనుకున్నవేనా, తేదీ కాలమ్‌లో అన్నీ తేదీలేనా, అన్నీ ఈ నెలవేనా, మొత్తం సున్నా వచ్చిందా అని చూడాలి. తేడా ఉంటే ఏ ఫైల్, ఏ కాలమ్ అని మెసేజ్ బాక్స్‌లో చెప్పి ఆగిపోవాలి. నీ కోడ్ మొదట్లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని పెట్టావు. అది ఎర్రర్లను సరిచేయదు తల్లీ, కనపడకుండా చేస్తుంది. దాన్ని తీసేసి, మాడ్యూల్‌లో అన్నిటికంటే పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ పెట్టు, ముందుగా ప్రకటించని పేరు వాడితే అది పట్టిస్తుంది.

పవర్‌పాయింట్‌లో 2007 నుంచి మాక్రో రికార్డర్ లేదు. అందుకే కోడ్ అంతా ఎక్సెల్‌లోనే ఉంచి, అక్కడి నుంచే పవర్‌పాయింట్‌ని నడిపించు. స్లైడ్‌లో ఆల్ట్, ఎఫ్10 నొక్కితే సెలక్షన్ పేన్, అంటే స్లైడ్ మీద ఉన్నవాటి జాబితా, వస్తుంది. అక్కడ ప్రతి చార్ట్ బొమ్మకీ ఒక పేరు పెట్టు. మాక్రో ఆ పేరుతో పాత బొమ్మని వెతికి, దాని చోటు, సైజు గుర్తుపెట్టుకుని, తీసేసి, కొత్త బొమ్మని అక్కడే పెట్టి మళ్లీ అదే పేరు ఇవ్వాలి. ఆ చివరిది మర్చిపోతే వచ్చే నెల దొరకదు.

బొమ్మ అని ఎందుకంటున్నానంటే, చార్ట్‌ని వర్క్‌బుక్‌తో (మొత్తం ఎక్సెల్ ఫైల్‌తో) సహా స్లైడ్‌లో ఎంబెడ్ చేస్తే, అంటే పొదిగితే, పక్క షీట్లు కూడా స్లైడ్‌లోకి వెళ్లిపోతాయి. ఎవరైనా ఎడిట్ డేటా నొక్కితే అందరి జీతాలూ కనిపించవచ్చు. లింక్ పెడితే ఫైల్ చోటు మారగానే తెగుతుంది. బయటికి వెళ్లే ప్రెజెంటేషన్‌కి పిక్చరే పెట్టు.

నిలువు పట్టీల చార్టుల్లో యాక్సిస్ కనిష్ఠం సున్నా దగ్గర బిగించు. లేకపోతే ఎక్సెల్ ఒక్కోసారి 80 నుంచి మొదలుపెట్టి చిన్న తేడాని కొండంత చేసి చూపిస్తుంది. గరిష్ఠం మాత్రం బిగించకు, ఈ నెల అంకె పెద్దదైతే పట్టీ పైన తెగిపోతుంది.

ఫైల్‌ని మాక్రోలు ఉంచుకోగల ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రకంగా సేవ్ చెయ్. మాక్రో చేసినదాన్ని కంట్రోల్ జెడ్‌తో వెనక్కి తీసుకోలేవు, కాబట్టి ప్రయోగాలన్నీ కాపీ మీదే. మెయిల్లో అందుకున్నవాళ్లకి మాక్రో నడవకపోతే టెన్షన్ పడకు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ఆపేస్తోంది. నువ్వు పంపినదేనని రూఢి చేసుకున్నాక, ఫైల్ ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ చేయమను.

ముందు ఒక్క ఫైల్, ఒక్క చార్ట్‌తో, కోడ్ ఎడిటర్‌లో ఎఫ్8 నొక్కుతూ లైను లైనుగా నడిపి చూడు. ఎక్కడైనా ఆగితే ఆ లైను, ఆ సీఎస్‌వీలో ఓ పది వరుసలు పంపు. పేర్లు, జీతాలు తీసేసి పంపు సుమా.

ఆశీస్సులతో,
మావయ్య