టెక్ సందేహాలు: ‘ఇది బగ్’ అనిపించడం ఎలా?

ప్రశ్న: మా టీమ్ నెలకోసారి సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ మీద పాడ్‌కాస్ట్ చేస్తుంది. మా లీడ్ ఉద్యోగం మారుతున్నారు. పాత ఎపిసోడ్లలో ఆయన మాటల్ని అటూఇటూ మార్చి, ఫేర్‌వెల్‌లో వినిపించడానికి సరదా క్లిప్ చేస్తున్నాను. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కట్ చేసిన ప్రతిచోటా ‘టిక్’మంటోంది. అతుకు ఇట్టే తెలిసిపోతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, హనుమకొండ

టిక్ సంగతి తేలిక. శబ్ద తరంగం పైకో కిందికో ఉన్నప్పుడు కోస్తే అతుకు దగ్గర ఎగుడుదిగుడు వస్తుంది. చెవికి అదే టిక్. ముక్కను సెలెక్ట్ చేసి కీబోర్డులో జెడ్ నొక్కండి. అంచులు తరంగం సున్నా గీతను దాటే చోటికి జరుగుతాయి. ఆ తర్వాత కట్ చేయండి.

అసలు పనితనం ఎక్కడ కోయాలన్న దాంట్లో ఉంది. క, ట, ప పలికే ముందు గాలి లిప్తపాటు ఆగుతుంది. బాగా జూమ్ చేస్తే ఆ చిన్న ఖాళీ కనిపిస్తుంది. కత్తెర అక్కడ పెట్టండి. య, ల, వ పక్క అక్షరాల్లోకి కలిసిపోయి ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

మీ లీడ్ ఎప్పుడో ఒకసారి ‘ఇది బగ్ కాదు, ఫీచర్’ (తప్పు కాదు, కావాలని పెట్టిందే) అనే ఉంటారు. అననివాళ్లెవరు! చివరి రెండు మాటలూ తీసేస్తే ‘ఇది బగ్’ మిగులుతుంది. కానీ వింటే వాక్యం గాల్లో వేలాడుతుంది. ఇంకా చెప్పబోతున్నారు కాబట్టి గొంతు దిగలేదు మరి. ‘మళ్లీ అదే బగ్’ అని ఆయన మాట ముగించిన చోటు వెతికి, ఆ ‘బగ్’ తెచ్చి అతికించండి. ఇంగ్లిష్‌లో ‘నాట్’ ఒక్కటి లేపేస్తే అర్థం తిరగబడుతుంది. మనకంత సుఖం లేదు, ‘టెస్ట్ చేయలేదు’ను ఎంత కోసినా ‘చేశాం’ రాదు.

ఇక నిశ్శబ్దం. ‘ఎప్పటికి అయిపోతుంది?’ అన్న ప్రశ్నకూ ‘రెండు రోజుల్లో’ అన్న జవాబుకూ మధ్య 4 సెకన్లు ఖాళీ పెట్టి చూడండి. ఆఫీసంతా నవ్వుతుంది. ఆ ఖాళీని ఆడాసిటీలో పుట్టించకండి, కాల్ కట్ అయినట్టు ఉంటుంది. అదే ఎపిసోడ్లో ఎవరూ మాట్లాడని చోటు, ఫ్యాన్ హోరుతో సహా, కాపీ చేయండి. ఒకసారి నేను అంతా అయ్యాక ఫైల్ మొత్తానికి ట్రంకేట్ సైలెన్స్ (ఖాళీలను కుదించే ఆప్షన్) కొట్టాను. మాటలన్నీ మిగిలాయి, జోకులు పోయాయి.

ప్రశ్న: ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ల 2008 నాటి పాడ్‌కాస్ట్‌ను ఇలాగే ఎడిట్ చేసి యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

ఆ సైటు వ్యవస్థాపకులు జోయెల్ స్పాల్‌స్కీ, జెఫ్ అట్‌వుడ్ ఆ పాడ్‌కాస్ట్‌ను ఏప్రిల్‌లో మొదలుపెడితే, సైటు సెప్టెంబరులో తెరుచుకుంది. ఇల్లు కట్టకముందే గదుల గురించి వాదన! ఎడిటర్‌కు అంతకంటే ఏం కావాలి? అయితే ముందు ఎపిసోడ్ లైసెన్స్ చూడండి. క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోవడానికి ముందే అనుమతిచ్చే లైసెన్స్)లో ‘నో డెరివేటివ్స్’ (మార్పులు చేసి పంచకూడదు) అనే షరతు ఉంటే ఎడిట్ చేసింది పెట్టకూడదు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షలకు వెసులుబాటు ఇస్తుంది కానీ పేరడీ అని విడిగా రాయలేదు. ఓ మెయిల్ పెట్టి అనుమతి అడగడమే నయం. క్లిప్ మొదట్లోనే ‘సరదాకి ఎడిట్ చేసింది’ అని చెప్పేయండి. వాట్సాప్‌లో పడ్డాక అది నిజం కాదని ఎవరికీ చెప్పలేరు.

ప్రశ్న: ఫోన్లో రికార్డు చేసిన ఎం4ఏ ఫైల్ విండోస్ ఆడాసిటీలో తెరుచుకోవడం లేదు.

అలాంటి ఫైళ్లను చదవడానికి ఆడాసిటీకి తోడు కావాలి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ విడిగా వేసుకోవాలి. ఉచితమే. వేశాక ఆడాసిటీని ఓసారి మూసి తెరవండి.