సమ్మర్ క్యాంపులో చిట్టి రాక్షసులు: పిల్లలు ఎందుకు నవ్వడం లేదు?

రాక్షసుల పిల్లలు సమ్మర్ క్యాంపుకి వచ్చి ఊరిని తగలబెట్టాలని పన్నాగం పన్నే హాస్యకథ రాశానని, 8–10 ఏళ్ల పిల్లలకి చదివి వినిపిస్తే ఎవరూ నవ్వలేదని, ఎందుకని ఒకరు అడిగారు.

ఊరు తగలబెట్టడం దగ్గరే కథ చెడింది. చిట్టి విలన్‌కి ఆర్భాటం ఆకాశమంత, పని ఆవగింజంత ఉండాలి. పొద్దున్నే 6 గంటలకి మోగే క్యాంపు గంటని ఎత్తుకుపోవడం చాలు.

రెండో లోపం శక్తులు. నిప్పు కక్కడం, మాయమైపోవడం ఇస్తే వాటివల్ల వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, కాబట్టి నవ్వూ లేదు. మన పురాణాల్లో వరాలకి మెలిక ఉంటుంది, అది వాడుకోండి. భస్మాసురుడి మనవడికి తాత వరం అబ్బిందనుకుందాం. వాడు తల దువ్వుకోలేడు, నూనె రాసుకోలేడు, పేలు కుడితే గోక్కోలేడు. రక్తబీజుడి మనవరాలు మోకాలు గీరుకుంటే నేల మీద పడిన ప్రతి నెత్తుటి చుక్కకీ అచ్చం తనలాంటి పిల్ల ఒకతె లేస్తుంది. హాజరు పట్టీలో ఒక్క పేరే, టిఫిన్ వరుసలో ఆరుగురు. ఇడ్లీలు లెక్కపెట్టి వండిన వంటాయన ఏం కావాలి?

యోగా, ఈత, డ్రాయింగ్, భోజనం, పడక అని క్యాంపు దినచర్య ఒక కాగితం మీద రాసి, పక్కన ఒక్కో వరం పెట్టి, ఏది ఎక్కడ తగులుకుంటుందో చూడండి. సగం కథ అక్కడే దొరుకుతుంది. కుంభకర్ణుడి మనవడి జోలికి మాత్రం వెళ్లకండి. 15 రోజుల క్యాంపూ నిద్రపోతాడు, ఒక్క జోకు తర్వాత వాడితో పనుండదు.

సుమారు 900 పదాల కథకి విలన్లు ముగ్గురు మించొద్దు. మొదటి 100 పదాల్లో పన్నాగం చెప్పేయండి. తర్వాత మూడు ప్రయత్నాలు. మొదటి రెండూ ఒక్కొక్కరి వరం వల్ల చెడాలి, మూడోది రెండు వరాలూ కలిసి చెడగొట్టాలి. దానికి ఒక్క దోమ చాలు. గంట దగ్గర చీకట్లో నక్కినప్పుడు అది భస్మాసురుడి మనవడి నెత్తి మీద వాలుతుంది, వాడి చెయ్యి దానంతటదే లేస్తుంది, అందరూ బిగుసుకుపోతారు. వాడి చెయ్యి పట్టుకోబోయి పిల్ల జారిపడుతుంది, మోకాలు గీరుకుంటుంది. ఇక గంట చుట్టూ జాతరే.

బూడిదయ్యేది గుమ్మడికాయో దిష్టిబొమ్మ తలో కావాలి. మనిషి బూడిదైతే నవ్వు ఆగి భయం మొదలవుతుంది. వార్డెన్‌ని వెర్రిదానిగా చూపించొద్దు. ఆవిడ దేనికీ చలించకూడదు: “బూడిద ఊడ్చి, చేతులు కడుక్కుని రండి.” ఈ ఒక్క ముక్కకి పిల్లలు పడీపడీ నవ్వుతారు. లావు, నలుపు, నత్తి మీద జోకులుంటే కొట్టేయండి.

చివర్లో వాళ్లని మంచివాళ్లుగా మార్చకండి, నీతి వాసన పిల్లలు ఇట్టే పసిగడతారు. మూడో ప్రయత్నం చెడినట్టే చెడి, ఆ గందరగోళంలోనే గంట దొంగతనం నెగ్గనివ్వండి. మర్నాడు గంట మోగక మన విలన్లు పది దాకా నిద్రపోతారు, రాత్రి పుట్టిన కొత్త పిల్లలు మాత్రం ఆకలికి ముందే లేచి ఇడ్లీలన్నీ ఊదేస్తారు.