నచ్చిన సిద్ధాంతం ఉన్న అభ్యర్థి గెలవడని తెలిసినా ఓటు వేయాలా?

మీరు అడిగింది ఇదే కదా: మీ నియోజకవర్గంలో మీ ఆలోచనలకు దగ్గరగా ఉన్న అభ్యర్థి ఒకరున్నారు, ఆయన గెలవడని అందరూ అంటున్నారు, గెలిచే అవకాశం ఉన్న ఇంకొకరు మీకు సగమే నచ్చారు. ఎవరికి వేయాలి?

మాది ఖమ్మం జిల్లా, పాలేరు నియోజకవర్గం. నాన్న సీపీఎం సానుభూతిపరుడు. 2023 నవంబర్ 30న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు మా బూత్‌లో ఆ పార్టీ తరఫున ఏజెంటుగా కూర్చున్నాను. అభ్యర్థి అప్పటి రాష్ట్ర కార్యదర్శి తమ్మినేని వీరభద్రం గారు. కాంగ్రెస్‌తో సీట్ల చర్చలు తెగిపోవడంతో పార్టీ రాష్ట్రంలో 19 చోట్ల ఒంటరిగా దిగింది.

తెల్లవారుజామున అయిదున్నరకు మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్. ఏడింటి నుంచి అసలు పోలింగ్. ఆఫీసరు సీరియల్ నంబరు, పేరు పైకి చదువుతుంటే నేను జాబితాలో స్కేలు పెట్టి పెన్నుతో టిక్ కొడుతున్నాను. పక్కనే కాంగ్రెస్, బీఆర్ఎస్ ఏజెంట్లు. వాళ్లకు బయట టిఫిన్లు, మనుషులు, బళ్లు. మాకు నాన్న తెచ్చిన ఫ్లాస్కులో టీ. మధ్యాహ్నం భోజనానికి బయటికి వస్తే మా పెద్దమ్మ వరస ఆవిడ ఎదురైంది. ఆమె ఇంటి ముందే మా పార్టీ జెండా దిమ్మె ఉంటుంది. నా చెయ్యి పట్టుకుని, "కొడవలికే ఏద్దామనుకున్నా అయ్యా. కానీ మురిగిపోద్దిగా" అంది. తప్పు చేసినట్టు తల దించుకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

డిసెంబర్ 3న ఫలితం వచ్చింది. మా అభ్యర్థికి డిపాజిట్ కూడా దక్కలేదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ వస్తేనే డిపాజిట్ తిరిగిస్తారు. మా ఊళ్లో పార్టీ ఇళ్లన్నీ వేసి ఉంటే మా బూత్‌లోనైనా ఆ వంతు కంటే చాలా ఎక్కువ రావాలి. అంటే మావాళ్లే వేయలేదు. 19 చోట్లా ఒక్కటీ గెలవలేదు. అదే ఎన్నికల్లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న సీపీఐ కొత్తగూడెం గెలిచింది.

దీన్నిబట్టి పొత్తే దారి అనుకుంటారు చాలామంది. నేను అనుకోను. 2018లో సీపీఎం బహుజన లెఫ్ట్ ఫ్రంట్ (బీఎల్ఎఫ్) పేరుతో పెద్ద పార్టీలకు దూరంగా పోటీ చేసింది, సున్నా. అదే ఏడాది కాంగ్రెస్ కూటమిలో ఉన్న సీపీఐకి కూడా సున్నానే. 2022 మునుగోడు ఉప ఎన్నికలో బీజేపీని ఆపడానికి రెండు పార్టీలూ టీఆర్ఎస్‌కు మద్దతిచ్చాయి. అది సరైన పనేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ మరుసటి ఆగస్టులో, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న అదే పార్టీ ఒకేసారి 115 మంది పేర్లు ప్రకటించేసింది, కమ్యూనిస్టులకు ఒక్క సీటు వదల్లేదు. మద్దతు ఇచ్చేటప్పుడే దేనికిస్తున్నామో తేల్చుకోకపోతే ఇంతే.

మా పాత ఖమ్మం జిల్లాలోనే ఇంకో మనిషి ఉండేవారు, భద్రాచలం సీపీఎం నాయకుడు సున్నం రాజయ్య గారు. 1999, 2004, 2014లో ఎమ్మెల్యే. ఆటోలో అసెంబ్లీకి వచ్చిన ఎమ్మెల్యేగా అందరికీ తెలుసు. 2020లో కరోనాతో పోయారు. సిద్ధాంతం విషయంలో ఆయన్ని వేలెత్తి చూపినవాళ్లు లేరు. అయినా 2014లో మా జిల్లాలో వైఎస్సార్ కాంగ్రెస్‌తో పార్టీకి పొత్తుంది, ఆ ఎన్నికల్లోనే ఆయన గెలిచారు. దానివల్ల ఆయన మారిపోలేదు, ఎందుకంటే మన్యంలో పోడు భూముల దగ్గర ఆయన మనుషులు అప్పటికే నిలబడి ఉన్నారు. అలాగని పొత్తు ప్రతిసారీ గెలిపించలేదు. 2009లో టీడీపీ, టీఆర్ఎస్, వామపక్షాల మహాకూటమిలో ఉండి కూడా ఓడిపోయారు.

అందుకే "గెలుస్తాడా?" అనే ప్రశ్నను నేను టీవీ సర్వేలను బట్టి చూడటం మానేశాను. ఊళ్లో చూస్తాను. ఆ అభ్యర్థికి మీ బూత్‌లో ఏజెంటుగా కూర్చునే మనిషి ఉన్నాడా? పింఛను ఆగినప్పుడు, ధాన్యం కాంటా ఆలస్యమైనప్పుడు ఆ పార్టీవాళ్లు వచ్చారా? వచ్చి ఉంటే ఆ ఓటు మురిగిపోయినట్టు కాదు, ఈసారి ఓడినా వేయండి. ఎన్నికలకు నెల ముందు కరపత్రంలో మాత్రమే సిద్ధాంతం కనిపిస్తే, మీకు సగం నచ్చిన రెండో మనిషికి వేయడంలో తప్పు లేదు. ఒక్క మాట మాత్రం: ఆ సగంలో మీరు అసలు ఒప్పుకోలేనిది ఉండకూడదు. కులం పేరుతో, మతం పేరుతో మనుషుల్ని విడగొట్టేవాడికి, ఓటుకు నోట్లు పంచేవాడికి ఎంత గెలుపు గుర్రమైనా నేను వేయను. డబ్బు తీసుకుని వేరేవాళ్లకు వేయొచ్చుగా అంటారు కొందరు. ఆ మాట నాకు కోపం తెప్పిస్తుంది.

పెద్దమ్మను నేను తప్పుపట్టలేదు. ఆమె రేషన్ కార్డు కోసం రెండేళ్లు తిరిగినప్పుడు మాలో ఎవరూ వెంట వెళ్లలేదు. ఆమె లెక్క ఆమెది.

నేను ఎవరికి వేశానంటే, కొడవలికే. మళ్లీ అలాగే ఆఖరి నెలలో ఊళ్లోకి వస్తే మాత్రం వేయను. ఫలితాల తర్వాత జరిగిన పార్టీ శాఖ సమావేశంలో, నాన్న ముందే, ఈ మాట లేచి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ కార్డు కాగితాలు తీసుకుని మండలాఫీసుకు వెళ్లారు.