కాన్సర్ట్‌ల కంపెనీలో చేరతానంటోంది మా అమ్మాయి, పంపమంటారా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఆర్టీసీ కండక్టర్‌ని. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం కంప్యూటర్స్ ఆఖరి ఏడాది చదువుతోంది. కిందటి చలికాలం ఒక మ్యూజిక్ కాన్సర్ట్‌కి వాలంటీర్‌గా వెళ్లి, రెండు రాత్రులు గేటు దగ్గర టికెట్లు స్కాన్ చేసింది. అప్పట్నుంచీ అదే రంగంలో చేరతానని పట్టుబట్టింది. బుక్‌మైషో లాంటి కంపెనీలు బాగా పెరుగుతున్నాయట. ఏడాది ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాకి మూడున్నర లక్షల ఫీజు, మొదటి వాయిదాకి వచ్చే శుక్రవారం గడువు. మాకేమో బ్యాంకు పరీక్షలు రాయించాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అండీ. మీ అమ్మాయిని ఆ రంగంలోకి వెళ్లనివ్వండి. ఆ డిప్లొమాకి మాత్రం రూపాయి కూడా కట్టకండి. ఎందుకో వివరంగా చెబుతాను. మీరు కండక్టర్ కాబట్టి చాలామంది తండ్రుల కంటే మీకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మీరు పేరు రాసిన కంపెనీ సంగతే తీసుకుందాం. ముంబైలో ఒక యాడ్ ఏజెన్సీలో పనిచేస్తున్న ఆశిష్ హేమ్‌రజానీ సెలవుల్లో దక్షిణాఫ్రికా వెళ్లాడు. అక్కడ ఒక చెట్టు కింద కూర్చుని ఉండగా రేడియోలో రగ్బీ మ్యాచ్ టికెట్ల గురించి విన్నప్పుడు ఈ ఆలోచన తట్టిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. తిరిగొచ్చి ఉద్యోగం మానేసి, పరీక్షిత్ దార్, రాజేశ్ బల్పాండే అనే ఇద్దరితో కలిసి 1999లో కంపెనీ పెట్టాడు. దాని పేరు బిగ్‌ట్రీ, అంటే ఆ చెట్టే. అప్పట్లో మనదేశంలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు తక్కువ, క్రెడిట్ కార్డులు ఇంకా తక్కువ. జనం ఫోన్ చేసి టికెట్టు చెప్పేవాళ్లు, కుర్రాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవాళ్లు.

రెండేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతటా ఇంటర్నెట్ మీద నడిచే డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాయి. నూటయాభై మంది ఉన్న ఆఫీసులో ఆరుగురు మిగిలారు. ఆ గడ్డు రోజుల్లో వాళ్లు చేసిన పని మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. న్యూజిలాండ్‌కి చెందిన విస్టా అనే కంపెనీ తయారుచేసిన టికెటింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇక్కడి థియేటర్లకు అమ్మి, బుకింగ్ కౌంటర్లలో పెట్టించారు. ఏ ఆటకి ఏ సీటు అమ్ముడైంది, ఏది ఖాళీగా ఉంది అనే లెక్కంతా ఆ మెషీన్లలోకి వచ్చింది. ఎవరి కంటా పడని పని అది, చప్పట్లు కొట్టేవాళ్లుండరు. 2007లో కొత్త పెట్టుబడి వచ్చి, బుక్‌మైషో పేరుతో వెబ్‌సైట్ తెరిచేసరికి దేశంలో మల్టీప్లెక్స్‌లు పెరుగుతున్నాయి, కార్డులు చేతికొస్తున్నాయి. థియేటర్లతో లెక్కల సంబంధం వీళ్లకి అప్పటికే ఉంది. ఆ కంపెనీ ఎదుగుదలకి మూలం అదేనని నా అభిప్రాయం. 2017లో మన హైదరాబాద్‌కి చెందిన మస్తీటికెట్స్‌లో మెజారిటీ వాటా కొన్నప్పుడూ వాళ్లకి కావాల్సింది అదే, మన రెండు రాష్ట్రాల థియేటర్లతో సంబంధం.

సినిమా టికెట్టు అమ్మడంలో కంపెనీకి పెద్దగా ప్రమాదం లేదు. సినిమా ఆడినా పోయినా నష్టం నిర్మాతది, డిస్ట్రిబ్యూటర్‌ది, థియేటర్‌ది. అమ్మిపెట్టినందుకు కన్వీనియన్స్ ఫీజు వీళ్లకి వస్తుంది. ఈ పదేళ్లలో వాళ్లు వేసిన అడుగు వేరు. 2018లో సర్క్ డు సొలే అనే కెనడా సర్కస్ బృందాన్ని ముంబై, ఢిల్లీలకు తెచ్చారు. 2023 జనవరిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో లొల్లాపలూజా మ్యూజిక్ ఫెస్టివల్ పెట్టారు. అంటే ఇతరుల టికెట్లు అమ్మిపెట్టడం ఒకటే కాదు, కళాకారుల్ని తెచ్చి ప్రదర్శనా తామే వేయిస్తున్నారు. ఇప్పుడు కళాకారుడికి అడ్వాన్స్ ముందే ఇవ్వాలి. స్టేజీ, సౌండు, లైట్లు, జనరేటర్లు, పోలీసు అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, పాటల హక్కుల లైసెన్సులు, అన్నిటికీ డబ్బు ముందే పోతుంది. ఆ సాయంత్రం వాన పడితే ఆ నష్టం వాళ్లదే. మన దగ్గర సురభి కుటుంబాలు 1885 నుంచి ఊరూరా పాక వేసి, సెట్టింగులు తెచ్చి, టికెట్టు తామే అమ్మి నాటకం ఆడుతూ బతికాయి. స్థాయి పెరిగినా, వ్యాపారం స్వభావం అదే. ఒక ఊళ్లో నిండుతుంది, ఒక ఊళ్లో ఎండుతుంది.

ఎంత పెరిగిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బ్యాండ్ టికెట్లు పెట్టిన రోజు కోటీ ముప్ఫై లక్షల మందికి పైగా ప్రయత్నించారని కంపెనీ చెప్పింది. నవీ ముంబైలో మూడు రోజులు, అహ్మదాబాద్‌లో రెండు రోజులు ఆ కచేరీ జరిగింది. తర్వాత ప్రధానమంత్రే కాన్సర్ట్ ఎకానమీ అనే మాట వాడారు. ఆ ఏడాదే జొమాటో 2,048 కోట్లు పెట్టి పేటీఎం టికెటింగ్ వ్యాపారాన్ని కొని, డిస్ట్రిక్ట్ అనే యాప్ తెచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు పోటీ పడుతుంటే పని తెలిసినవాళ్లకి గిరాకీ పెరుగుతుంది. మీ అమ్మాయి విన్నది నిజమే.

నాణేనికి రెండో వైపు కూడా ఆమెకి తెలియాలి. 2020 మార్చిలో కరోనాతో థియేటర్లు మూతపడ్డాయి, మే నెలాఖరుకి ఇదే కంపెనీలో 1,450 మందిలో 270 మందిపై వేటు పడింది, లేదంటే జీతం లేని సెలవుకి పంపారు. మరుసటేడు జూన్‌లో ఇంకో 200 మంది పోయారు. జనం గుమిగూడటం మీద బతికే వ్యాపారం, జనం ఇంట్లో ఉండిపోతే ఆగిపోతుంది. అందుకే కంపెనీ పెరుగుతోందా అని అడిగే ముందు, ఆ కంపెనీ కుంగిన రోజున కూడా అవసరమయ్యే పని ఏది అని అడగమంటాను.

ఇక్కడే మీ ఉద్యోగం పనికొస్తుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు, కానీ జీరో టికెట్టు కొట్టే తీరాలి కదా? ఎందుకో మీకు తెలుసు. ఆ టికెట్టు లేకపోతే ప్రభుత్వం నుంచి సంస్థకు రావాల్సిన డబ్బుకి లెక్క ఉండదు. కచేరీ గేటు దగ్గరా అచ్చం ఇదే. అమ్మినవి ఎన్ని, స్పాన్సర్లకి ఇచ్చిన ఫ్రీ పాసులు ఎన్ని, రద్దయినవి ఎన్ని, గేటులో స్కాన్ అయినవి ఎన్ని, ఇవన్నీ కలవాలి. కలిస్తేనే స్టేడియం వాళ్లకి, కళాకారుడి ఏజెంట్‌కి, జీఎస్టీకి ఎవరెవరి వాటా ఎంతో తేలుతుంది. పాత రోజుల్లో సినిమా పెట్టెతో పాటు డిస్ట్రిబ్యూటర్ మనిషి థియేటర్‌కి వచ్చి, చించిన టికెట్లు లెక్కపెట్టి, ఆ రోజు వసూళ్లు రాసే డీసీఆర్ అనే కాగితం మీద సంతకం పెట్టేవాడు గుర్తుందా? ఆ పని ఇప్పుడు స్కానర్, ల్యాప్‌టాప్ చేస్తున్నాయి. కానీ లెక్క తేల్చే మనిషి మాత్రం ఇంకా కావాలి.

నా దగ్గర సలహా తీసుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు ఇదే పనిలో ఉన్నాడు. ఒక రాత్రి వాళ్ల గేటు దగ్గరకి తల్లీకూతుళ్లు వచ్చారు. ఫోన్‌లో ఎవరో పంపిన టికెట్టు ఫొటో. స్కానర్ పెడితే ఎర్ర లైటు, ‘ఇదివరకే లోపలికి వెళ్లారు’ అని. అదే ఫొటోని అమ్మినవాడు ఇంకా ఎందరికి అమ్మాడో! లోపల పాట మొదలైంది, బయట ఆ పాప ఏడుస్తోంది. వెనక లైనులో తోపులాట మొదలవుతోంది. ఆ కుర్రాడు వాళ్లని లైన్లోంచి పక్కకి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఆ టికెట్టు మొదట ఎవరి ఫోన్ నెంబరు మీద బుక్ అయిందో చూసి, పోలీసులకి ఇవ్వాల్సిన ఫిర్యాదు కాగితం రాయించాడు. లోపలికి పంపలేకపోయాడు. కానీ ఆ లైను కదిలింది. తెల్లవారుజామున మూడింటికి స్టేజీ విప్పుతుంటే, ఖాళీ గ్రౌండ్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని స్కాన్ లెక్క, అమ్మకం లెక్క పక్కపక్కన పెట్టి కలిపాడు. ఈ రెండు పనులూ వచ్చినవాణ్ని ఏ కంపెనీ తేలిగ్గా వదులుకోదు.

గేటు పని చిన్నదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. 2022 సెప్టెంబరులో ఉప్పల్ క్రికెట్ మ్యాచ్ టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. ఎంతమంది వస్తారు, ఏ గేటుకి ఎంతమంది, ఏ నిమిషానికి ఆపాలి, ఇది ప్రాణాలకి సంబంధించిన విద్య. మీ అమ్మాయికి ఆ రెండు రాత్రులూ నచ్చాయంటే, స్టేజీ మీది వెలుగు చూసి కాక, గేటు దగ్గరి జనాన్ని చూసి నచ్చి ఉంటే, ఆమె ఈ పనికి తగిన మనిషి.

ఇక డిప్లొమా. చాలా ఏళ్ల కిందట నేనే ఒక అమ్మాయిని అలాంటి కోర్సుకి పంపాను. ఏడాదంతా ప్రాక్టికల్స్ పేరుతో పెళ్లిళ్లలో, కాలేజీ ఫెస్ట్‌లలో జీతం లేకుండా పని చేయించుకున్నారు. చివరికి చేతికొచ్చింది ఒక సర్టిఫికెట్, అదే గేటు దగ్గర రోజుకూలీ పని. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే. మీ అమ్మాయి మూడున్నర లక్షలు కట్టకుండానే గేటు దాకా వెళ్లింది కదా, ఇక దేనికి కట్టడం?

ఆమె చేతిలో ఉన్న బీకాం ఈ రంగంలో తక్కువ దొరికే సరుకు. స్టేజీ పక్కన నిలబడతామనేవాళ్లు వేలమంది, లెక్క తేల్చేవాళ్లు కొద్దిమంది. ఆ ముగ్గురు భాగస్వాముల్లో ఒకరైన బల్పాండే చూసుకున్నది కూడా ఆర్థిక వ్యవహారాలే. ఎక్సెల్ గట్టిగా నేర్చుకోమనండి, పెద్ద లెక్కల్ని విడదీసి చూపే పివోట్ టేబుల్ కళ్లు మూసుకుని చేసేంతగా. టికెట్టు మీద జీఎస్టీ, విదేశీ కళాకారుడికి చెల్లించేటప్పుడు పట్టుకోవాల్సిన పన్ను (టీడీఎస్), రీఫండ్ ఎలా వెనక్కి వెళుతుంది, ఈ మూడూ చదవమనండి. దరఖాస్తు పెట్టేటప్పుడు ‘ఈవెంట్ ఎగ్జిక్యూటివ్’ అని కాక టికెటింగ్ ఆపరేషన్స్, సెటిల్‌మెంట్స్, బాక్సాఫీస్ అనే పేర్లతో ఉన్నవి వెతకమనండి. టికెట్ యాప్‌లే కాదు, హైటెక్స్ లాంటి ఎగ్జిబిషన్ కేంద్రాలు, మల్టీప్లెక్స్‌లు, ఐపీఎల్ జట్లు, అన్నిచోట్లా ఈ పని ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడటం అలవాటు చేసుకోవాలి, పెద్ద కంపెనీల మెయిన్ ఆఫీసులు ముంబైలో ఉన్నాయి కాబట్టి హిందీ కూడా.

జీతం గురించి దాచను. మొదటి రెండేళ్లు బ్యాంకు క్లర్క్ కంటే తక్కువే రావచ్చు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఊపిరాడదు, వానాకాలంలో పని పల్చబడుతుంది. అందుకని బ్యాంకు పరీక్షల దారి మూసేయొద్దు. ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకి వయసు 28 దాకా ఉంది, ఆమెకి టైముంది. రెండేళ్లు అని మీరిద్దరూ కూర్చుని మాట అనుకోండి.

మీరు పైకి రాయకపోయినా, మీ భయం రాత్రిళ్ల గురించేనని నాకనిపించింది. అది న్యాయమైన భయమే. ఆమె ఆఫర్ లెటర్ తెచ్చిన రోజున మీరు అడగాల్సింది జీతం ఒకటే కాదు. కచేరీ అయ్యాక ఇంటికి క్యాబ్ ఎవరు పెడతారు, వేరే ఊరు వెళితే ఎక్కడ ఉంచుతారు, జట్టులో ఇంకెంతమంది ఆడవాళ్లున్నారు, పీఎఫ్ కడతారా లేక ఈవెంట్‌కి ఇంత అని చేతిలో పెడతారా? వీటికి నీళ్లు నమిలే చోటికి పంపకండి.

శుక్రవారం ఆ వాయిదా కట్టొద్దు. ఆదివారం అమ్మాయి ఇంటికొస్తే ఒక పూట టికెట్ల లెక్క రాసిన మీ పాత వే బిల్లు ఒకటి ముందు పెట్టి, డిపోలో క్యాష్ కట్టేటప్పుడు ఏది దేనితో ఎలా కలుపుతారో చూపించండి. తర్వాత ఆ రెండు రాత్రులూ గేటు దగ్గర ఏమేం జరిగిందో ఆమెని చెప్పనివ్వండి. ఆ సంగతులు మీ ఉత్తరంలో లేవు, నాకూ వినాలని ఉంది. ఆమె చేతే రాయించి పంపండి.