యూనివర్సిటీ ప్రెసిడెంట్ పదవీ స్వీకారోత్సవానికి వెళ్లాలా? నేను చూసింది చెప్తాను

ఈ ఏడాదే అమెరికాకు మాస్టర్స్ చదవడానికి వచ్చానని, కొత్త ప్రెసిడెంట్ ‘ఇనాగరేషన్’కు రమ్మని యూనివర్సిటీ మెయిల్ పంపిందని రాశారు. ఒక పూట పోగొట్టుకుని వెళ్లేంత విషయం ఉంటుందా అన్నది మీ ప్రశ్న. ఉంటుంది. వెళ్లండి.

ఇక్కడ ప్రెసిడెంట్ అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పదవి. మన దగ్గర వైస్ ఛాన్సలర్ మారితే మర్నాడు పేపర్లో ఒక ఫొటో వస్తుంది. కుర్చీలో కూర్చుని సంతకం, పక్కన రిజిస్ట్రార్, శాలువా, బొకే. ఉస్మానియాలో చదివినన్నాళ్లూ నాకు తెలిసింది అంతే. అందుకే 2023లో హార్వర్డ్‌లో ఒక ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనలో ఉన్నప్పుడు ఇలాంటి మెయిలే వస్తే నేనూ మీలాగే ఆలోచించాను.

ముందు ఒక సంగతి. ఆ రోజే పదవి మొదలవుతుందని అనుకోకండి. క్లాడీన్ గే గారు 30వ ప్రెసిడెంటుగా జులై 1నే బాధ్యతలు తీసుకున్నారు. వేడుక జరిగింది సెప్టెంబర్ 29న. మనం దీన్ని ప్రమాణ స్వీకారం అనేస్తాం గానీ, అక్కడ అసలు ఘట్టం ప్రమాణం కాదు, వస్తువుల అప్పగింత.

ఆ మధ్యాహ్నం ఒకటే వాన. వేడుక ఆరుబయట, మెమోరియల్ చర్చికీ వైడ్నర్ లైబ్రరీకీ మధ్య ఉన్న పచ్చికలో. 1936లో యూనివర్సిటీ మూడు వందల ఏళ్ల పండుగ అక్కడే చేశారు. పల్చటి రెయిన్‌కోట్లు తొడుక్కుని తడి కుర్చీల్లో కూర్చున్నాం. లేచి వెళ్లిపోదామని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

మొదట ఊరేగింపు. ఇతర యూనివర్సిటీల ప్రతినిధులు కూడా వస్తారు. వాళ్లు నడిచే వరసకు లెక్క హోదా కాదు, వాళ్ల సంస్థ పుట్టిన సంవత్సరం. పాతవి ముందు, కొత్తవి వెనక. 1636లో పుట్టిన హార్వర్డ్ అమెరికాలో అన్నిటికన్నా పాతది, అదే ఐరోపా వాళ్ల పక్కన నిలబడితే కుర్రది. ఉస్మానియా 1918, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926. ఈ వరసలో మనవి ఎక్కడ పడతాయా అని లెక్కేసుకుంటూ కూర్చున్నాను. దూరం నుంచి మనిషిని పంపలేని సంస్థలు ఆ ఊళ్లోనే ఉన్న తమ పూర్వ విద్యార్థిని ప్రతినిధిగా పంపడం ఇక్కడ మామూలే. మీ పాత కాలేజీకి అలాంటి ఆహ్వానం వచ్చిందేమో కనుక్కోండి. గౌను వేసుకుని ఆ వరసలో నడిచే అవకాశం మీకే రావచ్చు.

గౌన్ల మీద వీపున వేలాడే హుడ్‌ల రంగులు కూడా గమనించండి. 1895లో అమెరికా కాలేజీలు కలిసి పెట్టుకున్న పద్ధతి అది: వైద్యానికి ఆకుపచ్చ, న్యాయశాస్త్రానికి ఊదా, పీహెచ్‌డీకి ముదురు నీలం. ఇది తెలిస్తే ఎవరు ఏం చదివారో దూరం నుంచే చెప్పొచ్చు.

తర్వాత కొత్త ప్రెసిడెంటుకు అప్పగింత. రెండు వెండి తాళంచెవులు, కాలేజీ ముద్రలు, అన్నిటికన్నా పాత రికార్డు పుస్తకం, 1650 నాటి చార్టర్, అంటే కాలేజీకి ఇచ్చిన అధికార పత్రం. తాళంచెవులు 1846లో చేయించినవి, చదువుల తలుపులు తెరవడానికి గుర్తు. అవి చేతులు మారుతుంటే నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. నడుముకున్న తాళాల గుత్తి తీసి అమ్మ చేతిలో పెట్టిన రోజు ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఇక వేదిక మీది కుర్చీ. మూడు కాళ్ల పాత చెక్క కుర్చీ, నిండా గుండ్రటి గుబ్బలు, చూస్తేనే నడుం నొప్పి పుడుతుంది. 1737 నుంచి 1769 దాకా ప్రెసిడెంటుగా ఉన్న ఎడ్వర్డ్ హోలియోక్ దాన్ని కాలేజీకి తెచ్చాడు. ఏటా స్నాతకోత్సవంలో ప్రెసిడెంటు కూర్చునేది దాంట్లోనే. హైతీ నుంచి వలస వచ్చిన దంపతుల కూతురు గే గారు, ఆ పదవిలోకి వచ్చిన తొలి నల్లజాతి వ్యక్తి. ఆవిడ తన ప్రసంగంలో నలుగురి పేర్లు చదివారు: టైటస్, వీనస్, జూబా, బిల్హా. ఒకప్పుడు ఆ ప్రాంగణంలోనే ప్రెసిడెంట్ల ఇంట్లో బానిసలుగా బతికినవాళ్లు. వానలోనూ జనం అంత నిశ్శబ్దంగా ఉండడం అప్పుడే చూశాను.

ఆవిడ 2024 జనవరి 2న రాజీనామా చేశారు. ఆ కారణాల చర్చ ఇక్కడ వద్దు. వానలో ఆ నాలుగు పేర్లు విన్న క్షణం మాత్రం నాకు అలాగే మిగిలిపోయింది.

మీకు పనికొచ్చేవి రెండు మూడు: టికెట్ కావాలో లేదో మెయిల్లో చూసుకోండి, కొన్నిచోట్ల ముందే తీసుకోవాలి. గంట ముందు వెళ్లి ఊరేగింపు దారి పక్కన కూర్చోండి, వేదికకు దగ్గర కాకపోయినా ఫరవాలేదు. విద్యార్థులకు గౌను అక్కర్లేదు, శుభ్రమైన బట్టలు చాలు. చీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోండి. విశాఖలో పుట్టి ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన నీలి బెండపూడి గారు 2022లో పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి ప్రెసిడెంట్ అయ్యారు. ఈ వేడుకలు మనకు పరాయివేమీ కావు.

అన్నిటికన్నా ముఖ్యం, వెళ్లే ముందు మీ యూనివర్సిటీ ఏ వస్తువుల్ని అప్పగిస్తుందో, అవి ఎవరివో చదువుకుని వెళ్లండి. నేను ఆ పని చేయలేదు. వేడుక అయ్యాక తిరిగి వెళ్తూ మసాచుసెట్స్ అవెన్యూ వైపున్న పసుపు రంగు వాడ్స్‌వర్త్ హౌస్ దగ్గర ఆగాను. 2016లో అక్కడ పెట్టిన ఫలకం మీద ఆ నాలుగు పేర్లూ ఉన్నాయి. టైటస్, వీనస్ ప్రెసిడెంట్ వాడ్స్‌వర్త్ ఇంట్లో ఉన్నారట. జూబా, బిల్హా ఉన్నది ప్రెసిడెంట్ హోలియోక్ ఇంట్లో. నేను అప్పుడే వేదిక మీద చూసొచ్చిన కుర్చీ ఆయన తెచ్చిందే.